ఆస్లౌగ్ అనుమానం

కొత్త మనిషి ఎదురైతే ఆస్లౌగ్ ముందు ముఖం చూడదు, చేతులు చూస్తుంది. స్వీడన్ సరిహద్దు వంతెన దగ్గర కస్టమ్స్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిన ఉద్యోగం ఆమెకి అంటించిన అలవాటు అది. కారు అద్దం దించిన మనిషి హాయిగా నవ్వుతూనే ఉండేవాడు. ఆమె మాత్రం స్టీరింగు మీద అతని వేళ్ళు ఏం చేస్తున్నాయో చూసి, "కాస్త పక్కకి తీయండి" అనేది. పదింట ఆరుసార్లు సీటు కింద సారా సీసాలో, సిగరెట్ పెట్టెలో బయటపడేవి. ఒకసారి పసిపిల్ల పరుపులో మత్తుమందు పొట్లాలు దొరికాయి. ఆ రోజు పేపరువాళ్ళు కూడా వచ్చి ఫొటో తీసుకున్నారు. మిగతా నాలుగుసార్లు ఏమీ దొరికేది కాదు. విప్పిన సామాను వాళ్ళే సర్దుకుంటూ ఉంటే ఆస్లౌగ్ తర్వాతి కారు వైపు తిరిగేది.

ఆ చూపు ఉద్యోగంతో పాటు ఇంటికి కూడా వచ్చేది. కొడుకు బడినుంచి రాగానే సంచీ వెతికేది. వాడికి ఇప్పుడు ముప్ఫై దాటాయి. అయినా తల్లి ఇంటికి వస్తే కోటు వసారాలో తగిలించడు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. మొగుడు పదహారేళ్ళు కాపురం చేసి, "నీ దగ్గర దాచడానికి నాకేమీ లేదు. అయినా గుమ్మంలోకి వస్తే చాలు, జేబులు తడుముకుంటున్నాను. ఇక నావల్ల కాదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. అతను నిజంగానే ఏమీ దాచలేదు. ఆ సంగతి కూడా ఆస్లౌగ్ బాగా ఆరా తీశాకే తేల్చుకుంది.

ఉద్యోగం అయిపోయిన ఏడాదే అన్న కొడుకు సిండ్రె ఫోన్ చేశాడు. వాడు వేసవిలో మోటారుసైకిళ్ళ వాళ్ళని ఓ గుంపుగా కూడగట్టి, ట్రోండ్‌హైమ్ నుంచి ఉత్తరం కొస దాకా తీసుకెళ్ళి, ఫిన్లాండ్ మీదుగా, స్వీడన్ మీదుగా వెనక్కి తీసుకొస్తాడు.

"అత్తా, నీకు పని కావాలి, నాకు మనిషి కావాలి. సామాను వ్యాను నడపాలి. పొద్దున్నే కాఫీ ఫ్లాస్కులు నింపాలి. ఏ బండైనా మొరాయిస్తే ట్రైలరు మీదకి ఎక్కించాలి. అంతే. ఎవరి పెట్టెలూ తెరవక్కర్లేదు."

"తెరవమన్నా తెరవను, పో," అంది ఆస్లౌగ్.

రెండు వేసవులు ఆ మాట మీదే నిలబడింది. మూడో వేసవిలో ఎస్కిల్ వచ్చాడు.

జూన్ మొదటి వారం. తొమ్మిది బండ్లు, తొమ్మిది మంది. ఎస్కిల్‌కి అరవై ఒకటో ఏడు. టెలెమార్క్ కొండలోయలో పోస్టుమాన్‌గా చేసి, మోకాలు నొప్పని మూడేళ్ళ ముందే మానేశాడట. పొడుగ్గా, ఎండుచేపలా సన్నగా ఉన్నాడు. పాత జర్మన్ బండిని మాత్రం అద్దంలా ఉంచుకున్నాడు. అందరూ తమ సంచులు తెచ్చి వ్యానులో పడేశారు. అతను ఒక సంచీ ఇచ్చి, బండి పక్కనున్న పెట్టెకి తాళం వేసుకున్నాడు.

"అది కూడా ఇచ్చేయరాదూ? బరువు తగ్గుతుంది," అంది ఆస్లౌగ్.

"అక్కర్లేదు. అది నా దగ్గరే ఉండాలి."

ఆ క్షణంలోనే గ్రీ అనే ఆవిడ పక్కనుంచి వచ్చి చెయ్యి చాచింది. గ్రీకి యాభై ఎనిమిదేళ్ళు. బేర్గెన్‌లో పళ్ళ డాక్టరు. మనిషి కన్నా ముందు నవ్వు వస్తుంది. కళ్ళు జిగేల్మనే పసుపుపచ్చ జాకెట్ తప్ప వేరేది వేసుకోదు. ఆమె చాచిన చెయ్యి గాల్లోనే ఉంది. ఎస్కిల్ దానివంక చూడనైనా చూడకుండా హెల్మెట్ తుడుచుకుంటున్నాడు. గ్రీ చెయ్యి వెనక్కి తీసుకుని, "అబ్బో, పెద్దమనిషి!" అంది. అందరూ నవ్వారు. ఆస్లౌగ్ నవ్వలేదు. చెయ్యి కలపని మనిషిని ఆమె మనసు అక్కడికక్కడే పక్కకి తీయించింది.

రెండో రోజు మొదటి పెద్ద సొరంగం వచ్చేముందు ఎస్కిల్ బండి ఆపి, "మీరు పదండి, నేను పాత రోడ్డున వచ్చి అవతల కలుస్తాను," అన్నాడు. సొరంగం తవ్వకముందు కొండ చుట్టూ తిరిగిన దారి అది. ఇప్పుడు సైకిళ్ళవాళ్ళు, గొర్రెలు తప్ప ఎవరూ వాడరు. గుంపు సొరంగం దాటి ముప్పావు గంట అతనికోసం కూర్చుంది. వచ్చాడు. ముఖంలో ఏమీ లేదు.

"ఏముంది అక్కడ?" అని అడిగింది ఆస్లౌగ్.

"సముద్రం."

"ఇటు కూడా అదే సముద్రం."

"అటునుంచి ఇంకోలా ఉంది," అని కాఫీ గ్లాసు తీసుకున్నాడు.

మూడో రోజూ అంతే. నాలుగో రోజు వరసగా సొరంగాలే ఉన్న దారి వదిలేసి, "నాకు పడవంటే ఇష్టం" అంటూ ఒక్కడే బల్లకట్టు ఎక్కి తీరం వెంబడి చుట్టుతిరిగి, సాయంత్రానికి బసకి చేరాడు. పదిహేను రోజుల ప్రయాణంలో ఒక మనిషి రోజూ గంటో రెండు గంటలో మాయమవుతున్నాడు. ఎవరిని కలుస్తున్నాడు? ఆ తాళం పెట్టెలో ఏముంది? ఆస్లౌగ్ అతను వెళ్ళినప్పుడు మీటరు ఎంతుందో, వచ్చినప్పుడు ఎంతుందో ఓరగా చూడడం మొదలుపెట్టింది. లెక్క సరిపోయేది. సరిపోవడం ఆమెకి ఇంకా నచ్చలేదు.

"ఒరేయ్ సిండ్రె, ఆ పోస్టుమాన్‌లో ఏదో తేడా ఉంది."

"ఏకాంతం కావాలేమో, అత్తా. లోయలో మనుషులు అలానే ఉంటారు."

"ఏకాంతం కావాలంటే గుంపులో ఎందుకొచ్చాడు?"

సిండ్రె ఫ్లాస్కు మూత బిగించాడు. "పాపం గ్రీ మీద మనసు పడ్డాడు, సిగ్గుపడుతున్నాడు," అని తేలిగ్గా తోసేశాడు. గుంపంతా అదే అనుకుంటోంది. దారిలో ఎవరు ఎవరి వెనక వెళ్ళాలన్న నియమం లేకపోయినా, ఎస్కిల్ మాత్రం గ్రీ వెనకనుంచి కదలడు. ఆమె ఆగితే ఆగుతాడు, ఆమె మలుపు తిరిగితే తిరుగుతాడు. మధ్యలో ఇంకెవరైనా దూరితే దారి అడిగి మరీ ముందుకొస్తాడు. "ఏం గ్రీ, నీ నీడ ఇవాళ కాఫీ తాగిందా?" అని తక్కినవాళ్ళు ఆటపట్టించేవారు. గ్రీ బయటికి కసురుకునేది గానీ, ఐదోరోజు పొద్దున జుట్టు కొత్తగా దువ్వుకుని రావడం ఆస్లౌగ్ చూసింది.

మనసుపడ్డ మనిషి పక్కన కూర్చుని తినాలి కదా. నార్విక్‌లో భోజనం ఒక నేలమాళిగలో ఏర్పాటు చేశారు. బల్లకొక కొవ్వొత్తి, మసక వెలుతురు, చేపల పులుసు వాసన. గ్రీ తన పక్క కుర్చీ మీదున్న సంచీ తీసి కిందపెట్టింది. ఎస్కిల్ మెట్లు సగం దిగి, అక్కడే నిలబడి, "ఆకలి లేదు" అని వెనక్కి పోయాడు. కాసేపటికి ఆస్లౌగ్ పైకొచ్చి చూస్తే, వీధి అరుగు మీద ఎండలో కూర్చుని, రొట్టె మీద గోధుమరంగు జున్ను పెట్టుకుని ఆవురావురుమని తింటున్నాడు.

"ఆకలి లేదన్నావు?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె పక్కనే నిలబడి ఉంది. ఆమె అక్కడికి వచ్చినట్టు అంతసేపూ తెలియనట్టే తలంతా తిప్పి చూశాడు.

"గాలి ఆడదు అక్కడ," అన్నాడు.

ప్రతిదానికీ ఒక చిన్న జవాబు, రెండో ప్రశ్న వేయడానికి వీల్లేకుండా. సరిహద్దు దగ్గర అలాంటి జవాబులు చెప్పేవాళ్ళే ముందు దొరికేవారు.

ఏడో రోజు తప్పించుకోవడానికి వీల్లేని ఒక చిన్న సొరంగం వచ్చింది. అర కిలోమీటరు కూడా లేదు, లోపల దీపాలు సగం వెలగడం లేదు. గ్రీ వెళ్ళింది, వెనకే ఎస్కిల్ వెళ్ళాడు. మధ్యలోకి రాగానే గ్రీ వేగం పెంచింది. ఎస్కిల్ ఒక్కసారిగా బండి నెమ్మది చేసి, గోడ వైపు జరిగి, కాలు కింద ఆన్చి ఆగిపోయాడు. వెనక వస్తున్న ఆస్లౌగ్ బ్రేకు మీద నిలబడింది. వ్యాను అతనికి మూరెడు దూరంలో ఆగింది. అతను ఒక చేత్తో సొరంగం గోడని తడుముతున్నాడు. మెల్లగా, ఓపిగ్గా, రాయి ఎలా ఉందో చూస్తున్నట్టు. ఆ తర్వాత వ్యాను దీపాలు అతని ముందు రోడ్డంతా పరుచుకున్నాయి. వెంటనే బండి నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

అవతల గట్టున ఆస్లౌగ్ వ్యాను దిగి అతని దగ్గరకి విసవిసా నడిచింది. "చంపేసేదాన్ని నిన్ను! అందులో ఆగడమేంటి?"

"బండి ఆగిపోయింది."

"ఆగలేదు. ఇంజను చప్పుడు నేను విన్నాను."

ఎస్కిల్ గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. ఒక వేలు తప్పుగా దూరితే తీసి మళ్ళీ తొడుక్కున్నాడు. "థాంక్స్, ఆపినందుకు," అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఆల్టా దాటాక వాన పట్టుకుంది. మధ్యాహ్నం ఆగిన చోట అందరూ తడిసిన జాకెట్లు తెచ్చి వ్యానులో హీటరు ముందు ఆరేశారు. ఎస్కిల్‌ది కూడా. అందరూ లోపల దుప్పిమాంసం కూర తింటున్నారు. ఆస్లౌగ్ వ్యానులో ఒక్కతే ఉంది. ఆ జాకెట్ లోజేబు బరువుగా వేలాడుతోంది. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. సిండ్రెకి ఇచ్చిన మాట గుర్తుంది. పెట్టెలు తెరవనన్నాను గానీ జేబుల సంగతి అనలేదు కదా, అని తనకి తనే చెప్పుకుంది. చెయ్యి పెట్టింది.

నల్ల అట్ట ఉన్న చిన్న పుస్తకం. తీర్చిదిద్దిన పోస్టుమాన్ దస్తూరీ. తెరిస్తే అన్నీ సొరంగాలే. పేరు, పొడవు మీటర్లలో, లోపల దీపాలున్నాయా లేవా, ఉంటే ఎంతెంత దూరానికి, ఎన్ని మలుపులు, ఆగడానికి ఖాళీ ఎక్కడ, చుట్టుదారి ఉందా. ట్రోండ్‌హైమ్ నుంచి వరసగా యాభై మూడు సొరంగాలు. కొన్నింటి పక్కన టిక్కు, కొన్నింటికి అడ్డగీత. చివరి పేజీలో ఒక్కటే ఉంది, కింద రెండు గీతలు గీసి: "వార్దో. సముద్రం కింద. 2900 మీటర్లు. మొదట దిగుడు, తర్వాత ఎక్కుడు. వేరే దారి లేదు. జాగ్రత్త."

 వార్దో దేశానికి తూర్పు కొసన ఉన్న ద్వీపం. రష్యా ఎంతో దూరం కాదు. ఊరి పైన గుట్ట మీద తెల్లటి పెద్ద గుండ్లలాంటి మిలిటరీ రాడార్లు ఉంటాయి. వాటివైపు ఎక్కువసేపు కెమెరా తిప్పితేనే అక్కడివాళ్ళు అడ్డుకుంటారు. ఆ ఊళ్ళోకి ఉన్నది ఒక్కటే దారి, ఆ సొరంగం. ఆ దారిని ఒక మనిషి మీటర్లతో సహా రాసుకుని, ఎవరికీ చూపించని పెట్టె వేసుకుని వెళ్తున్నాడు.

పుస్తకం ఎలా ఉందో అలా పెట్టేసింది. ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు వెనక్కి వెళ్ళి, ఒకప్పుడు తనతో పనిచేసి ఇప్పుడు ఉత్తర సరిహద్దులో ఉద్యోగం చేస్తున్న ఆర్న్‌ఫిన్‌కి ఫోన్ చేసింది.

"ఆస్లౌగ్, రిటైరయ్యావు. చేపలు పట్టుకో," అన్నాడతను మొదట. అన్నీ విన్నాక నవ్వు ఆపేశాడు. "అతన్ని అడిగావా?"

"అడిగితే జాగ్రత్తపడతాడు."

"ఏమీ లేకపోతే?"

"లేకపోతే మీరే చెబుతారుగా లేదని," అని బండి నంబరు చెప్పింది.

రెండు రోజుల తర్వాత, పదోరోజు పగలు, వాద్సో ఊళ్ళో గుంపు పెట్రోలు పోయించుకుని, బల్లల చుట్టూ నిలబడి వాఫెల్స్ అనే గళ్ళ అట్లు తింటోంది. వార్దో ఇంకా డెబ్భై ఐదు కిలోమీటర్లు. వాన వెలిసి ఆకాశం కడిగినట్టుంది. ఎస్కిల్ ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. గ్రీతో తనే ముందుగా మాట కలిపాడు. "ఇవాళ సొరంగంలో నెమ్మదిగా వెళ్తావా? నీ వెనకే వస్తాను," అన్నాడు. "అలాగే బాబూ, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాలే," అంది గ్రీ.

పోలీసు కారు వచ్చి బంకు మూల ఆగింది. ఇద్దరు దిగారు, ఒక నడివయసు మనిషి, ఒక అమ్మాయి. ఆ అమ్మాయే మర్యాదగా అడిగింది, ఎస్కిల్ ఎవరని. లైసెన్సు చూసింది. తాళం వేసిన పెట్టె తెరవమంది. అందులో మూడు టార్చిలైట్లు, తలకి కట్టుకునే దీపం ఒకటి, బండికి తగిలించే పెద్ద దీపం ఒకటి, గుప్పెడు బ్యాటరీలు ఉన్నాయి. ఇంకేమీ లేవు.

"మీ జేబులో ఒక పుస్తకం ఉందట," అంది ఆ అమ్మాయి.

ఉందట, అన్న మాట దగ్గర ఎస్కిల్ ఆగాడు. తల నెమ్మదిగా తిప్పుతూ ఒక్కొక్కరినీ చూశాడు. గ్రీని, సిండ్రెని, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని. వ్యాను పక్కన ఆస్లౌగ్ దగ్గరికి వచ్చాక ఆ తల ఆగింది.

పుస్తకం తీసి ఇచ్చాడు. "నాకు సొరంగాలంటే సరదా. తవ్విన పద్ధతీ అదీ రాసుకుంటూ ఉంటాను."

నడివయసు పోలీసు పేజీలు తిప్పాడు. "సరదా అయితే వాటిలోంచి వెళ్ళాలి కదా. చుట్టుదారి ఉన్నచోటల్లా చుట్టుదారినే వెళ్ళినట్టు మీరే టిక్కు పెట్టుకున్నారు."

 సముద్రం మీదనుంచి వచ్చిన గాలికి ఎవరిదో కాగితం పళ్ళెం ఎగిరిపోయింది. పట్టుకోవడానికి ఎవరూ కదలలేదు.

"నాకు రేచీకటి," అన్నాడు చివరికి. "వెలుతురు తగ్గితే నాకేమీ కనిపించదు. బొత్తిగా. చిన్నప్పుడు కొంచెం ఉండేది. నాలుగేళ్ళనుంచి పూర్తిగా వచ్చేసింది. పక్కచూపు కూడా పోతోంది, గొట్టంలోంచి చూస్తున్నట్టే. ఫిబ్రవరిలో కళ్ళ డాక్టరు రెండో పరీక్షకి రమ్మన్నాడు, లైసెన్సు తిరిగి ఇచ్చేయాల్సి రావచ్చన్నాడు. నేను వెళ్ళలేదు. జూన్‌లో ఇక్కడ సూర్యుడు దిగడు. ఒక్కసారి తిరిగొచ్చి, ఆ తర్వాత ఇచ్చేద్దామనుకున్నాను. సొరంగాలొక్కటే ఇబ్బంది. అందుకని రాసుకున్నాను."

సిండ్రె ముందుకొచ్చాడు. "నీ ముందూ వెనకా ఎనిమిది మంది ఉన్నారయ్యా! ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే తీసుకొచ్చేవాడివా?"

"తీసుకొచ్చేవాణ్ణి కాదు!"

"అదీ సంగతి," అన్నాడు ఎస్కిల్.

గ్రీ తన పసుపు జాకెట్ వంక చూసుకుంది. "అయితే పది రోజులూ నా వెనక తిరిగింది..."

"నీ జాకెట్ బాగా కనిపిస్తుంది, గ్రీ," అన్నాడు నెమ్మదిగా. "వెనక దీపం కూడా అందరికన్నా నీదే ఎర్రగా ఉంటుంది."

గ్రీ మెడ దాకా ఎర్రబడింది. ఎవరూ ఆటపట్టించలేదు.

పోలీసు అమ్మాయి లైసెన్సు వెనక్కి ఇవ్వలేదు. బండి తాళం సిండ్రె చేతిలో పెట్టింది. "సొరంగం మొదటి దాకా అయినా... అంతా పట్టపగలే కదా," అన్నాడు ఎస్కిల్. కుదరదని ఆ అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది. తను చెప్పవలసి వచ్చినందుకు తనకీ బాధగానే ఉన్నట్టుంది. వెళ్ళేముందు ఆస్లౌగ్ వైపు తల పంకించింది. అది అందరూ చూశారు.

బండిని ట్రైలరు మీదకి ఎక్కించి పట్టీలు బిగించింది ఆస్లౌగ్. వ్యాను ముందు తలుపు తెరిచి, "ఎక్కు," అంది.

"నీ బండిలో ఎక్కను," అన్నాడు ఎస్కిల్. గొంతు పెంచలేదు.

గ్రీ హెల్మెట్ పెట్టుకుంటూ, తన వెనక సీటు మీద చేత్తో కొట్టింది. "రావయ్యా. ఎలాగూ అలవాటేగా నీకు, నా వెనక."

వార్దో సొరంగం ముందు గుంపు వేగం తగ్గించింది. వ్యాను అద్దంలోంచి ఆస్లౌగ్‌కి గ్రీ వెనక దీపం, ఆమె నడుం చుట్టూ ఎస్కిల్ చేతులు కనిపిస్తున్నాయి. దారి సముద్రం కిందకి దిగుతూ పోయింది. తడిసిన రాతిగోడలు, పొగమంచులాంటి ఆవిరి, అక్కడక్కడా పసుపు దీపాలు. మధ్యలో లోతు దగ్గర ఎస్కిల్ తల గ్రీ వీపుకి ఆన్చి ఉంది. నిజానికి ఆస్లౌగ్‌కి కూడా అక్కడ ఎదురుగా వచ్చిన లారీ ఆఖరి నిమిషం దాకా కనిపించలేదు. దాని హారను విని వ్యానుని గోడ వైపు లాగింది. ఎస్కిల్ ఒంటరిగా ఉండి ఉంటే ఏమయ్యేదో ఆమె కళ్ళముందు కదిలింది. తన అనుమానం తప్పు. ఫోన్ చేయడం తప్పు కాదేమో. రెండూ కలిపి ఆలోచిస్తే తలనొప్పి వచ్చింది.

ఆ సాయంత్రం ఊళ్ళో భోజనం దగ్గర ఆమె పక్క రెండు కుర్చీలూ ఖాళీగానే ఉన్నాయి. ఎవరూ మాట అనలేదు. తమ జాకెట్లు మాత్రం ఒక్కొక్కరూ వచ్చి వ్యానులోంచి తీసుకెళ్ళిపోయారు. సిండ్రె కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గూఢచారి అనుకున్నావా అత్తా? పోస్టుమాన్‌ని?"

"పోస్టుమాన్ అయితే గూఢచారి కాకూడదని ఏముంది?"

సిండ్రెకి నవ్వు రాబోయి ఆగిపోయింది. "ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు చచ్చేవారు. అది ఆపావు, నేను కాదనను. కానీ ఒక మనిషి జేబులో చెయ్యి పెట్టి, నాకు చెప్పకుండా నా గుంపు మీదకి పోలీసుల్ని పిలిచావు. అదెలా మింగమంటావు?"

ఆస్లౌగ్ గ్లాసుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది.

ఎస్కిల్ మర్నాడు విమానంలో ఇంటికి వెళ్ళిపోయాడు. ఫిన్లాండ్ అడవుల మీదుగా, స్వీడన్ మీదుగా తిరిగొచ్చి తక్కినవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ దారిన పోయాక, అతని బండి టెలెమార్క్‌కి చేర్చే పని ఆస్లౌగ్‌దే అయింది. సిండ్రె వేరేవాళ్ళని పంపుతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

లోయ చివర తారు రాసిన చెక్క ఇల్లు, దానికి ఎదురుగా కొట్టాం. వ్యాను ఆపి దిగగానే ఆమె కళ్ళు అలవాటుగా తమ పని తాము చేశాయి. కొట్టాం తలుపు నుంచి ఇంటి మెట్ల దాకా, అడుగడుక్కీ ఒకటి చొప్పున, మోకాలెత్తు దీపాలు పాతి ఉన్నాయి. మెట్ల అంచులకి తెల్లరంగు. చేతిపట్టు పొడుగునా తెల్లటి తాడు చుట్టి ఉంది. రంగు కొత్తది కాదు, చాలా చోట్ల పెచ్చులూడింది.

ఎస్కిల్ భార్య ఇంగున్ పొట్టిగా, బలంగా ఉన్న మనిషి. చేతులకి పిండి అంటుకుని ఉంది. ఆస్లౌగ్ ఎవరో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆ దీపాలు ఎన్నాళ్ళయింది పెట్టించి?" అని అడిగింది ఆస్లౌగ్.

"మూడేళ్ళు."

"అయితే నీకు తెలుసన్నమాట."

"రాత్రి కొట్టాంనుంచి వస్తూ రెండుసార్లు పడ్డాడు. మంచు మీద జారానన్నాడు. రెండోసారి పడింది ఆగస్టులో." ఇంగున్ చేతులు తుడుచుకుంది. "మోకాలు నొప్పని ఉద్యోగం మానేశాడు. మోకాలు నొప్పి ఉన్నవాడు కొండెక్కి దుంగలు కొడతాడా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే బండి ఆపేసేవాడు. అప్పుడిక ఆ మనిషితో ఏం చేయాలో నాకు తెలియలేదు."

ఆస్లౌగ్ మెట్ల మీది తెల్లరంగు వంక చూసింది. "దారిలో ఎవరి పిల్లనైనా గుద్ది ఉంటే?" అంది.

ఇంగున్ కోపం తెచ్చుకోలేదు. "అతను బయటికి వెళ్ళిన ప్రతిసారీ అదే అనుకుంటూ కూర్చునేదాన్ని. అయినా అడగలేదు," అంది. "నువ్వు మొదటి వారంలోనే పట్టేశావట. నేను మూడేళ్ళు చూస్తూ ఊరుకున్నాను. మనిద్దరిలో ఎవరు మంచివాళ్ళో నాకైతే తెలియదు. లోపలికి రా, వాఫెల్స్ వేడిగా ఉన్నాయి."

ఆస్లౌగ్ లోపలికి వెళ్ళలేదు. ఎస్కిల్ కొట్టాంలోంచి బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి చేత్తో తడిమి చూసుకున్నాడు. ఎక్కడా గీత పడలేదు. పట్టీలు విప్పడానికి ఇద్దరూ చెరోవైపు వంగారు. బండి కిందకి దిగాక అతను అడిగాడు.

"పోలీసులకి చెప్పే బదులు నన్నే అడిగి ఉండొచ్చు కదా?"

"సొరంగంలో ఆగినప్పుడు అడిగాను. బండి ఆగిపోయిందన్నావు."

అతను ఆ సంగతి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నేలవైపు చూశాడు. "అన్నాను," అని ఒప్పుకున్నాడు. "ఇంకోసారి అడిగినా ఇంకోటి ఏదో చెప్పేవాణ్ణి."

"నీ జేబులో చెయ్యి పెట్టాను. అది తప్పే," అంది ఆస్లౌగ్. ముప్ఫై ఒక్క ఏళ్ళలో, సామాను విప్పించినా ఏమీ దొరకని ఆ నాలుగుసార్ల వాళ్ళలో ఎవరికీ చెప్పని మాట అది. 

"తప్పే," అన్నాడు ఎస్కిల్.  బండిని నెట్టుకుంటూ కొట్టాంలోకి వెళ్ళాడు. లోపల గుమ్మం పక్కనే వేసిన పెద్ద దీపం కిందకి వచ్చేదాకా ఒక చెయ్యి తలుపు మీద ఆన్చుకునే నడిచాడు.

ఇంగున్ కాగితంలో చుట్టిన వాఫెల్స్ తెచ్చి వ్యాను కిటికీలోంచి లోపల పెట్టింది. కొండ దిగాక ఏటి ఒడ్డున వ్యాను ఆపి, ఆస్లౌగ్ అవన్నీ తినేసి, సిండ్రెకి ఫోన్ చేసింది.

"బండి అప్పగించాను. వచ్చే ఏడు కూడా వ్యాను నేనే నడుపుతాను."

 "ఎవరూ నీతో మాట్లాడకపోతేనో, అత్తా?"

"మాట్లాడకపోతే సామానుతో మాట్లాడుకుంటాను."

"అందరి దగ్గరా కళ్ళ డాక్టరు కాగితం ముందే తీసుకుంటాను ఈసారి. నీకింక వెతకాల్సిన పని ఉండదు."

"ఆ కాగితం అసలుదో కాదో ఎవరు చూస్తారు?" అని అనేసి, తన మాటకి తనే నాలుక కరుచుకుంది ఆస్లౌగ్. అవతల సిండ్రె, వారం రోజుల్లో మొదటిసారి, పగలబడి నవ్వాడు.